ఛానలువాళ్ళు పెట్టిన ముహూర్తాలు

నేను బడికి వెళ్ళలేదు. మా నాన్నగారు పడక్కుర్చీలో కూర్చుని, నన్ను ఎదురుగా పీట మీద కూర్చోబెట్టుకుని, తెలుగూ లెక్కలూ కాస్త సంస్కృతమూ చెప్పారు. ఆయన పెట్టిన ఆ భిక్షకి ఈ వయసులో కూడా పొద్దున్నే దీపం దగ్గర దణ్ణం పెట్టుకుంటాను. అయితే ఆ చదువు వల్ల నాకొక లోటు ఉండిపోయింది. కాలేజీ మీద మనుషులకి అంత ప్రాణం ఎందుకుంటుందో పెళ్ళయిన చాలా ఏళ్ళదాకా నాకు అంతుబట్టలేదు. నాకు చదువు చెప్పిన పడక్కుర్చీకి బంతాట జట్టు లేదు. దాని పేరు అచ్చేసిన చొక్కా ఎవరూ వేసుకోరు. అది ఓడిపోయిందని ఎవరూ అన్నం మానేయరు.

మావారు మానేస్తారు. ఆయన అమెరికాలో పడమటి వైపు ఒక చిన్న ఊరి కాలేజీలో ఎమ్మెస్ చేశారు. తర్వాత కెనడాలో ఈ సార్నియాలో కెమికల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చింది, రిటైరయ్యేదాకా ఇక్కడే చేశారు. చదివింది రెండేళ్ళే అయినా ఆ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి ఆయన జీవితాంతం కట్టుబడిపోయారు. చలికాలం మొదలవుతోందంటే శనివారం శనివారం బీరువాలోంచి ఒక ఎర్ర చొక్కా బయటికొస్తుంది. ఆ చొక్కా రంగు దిగుతుంది. ఓసారి దాంతో కలిసి ఉతుకులో పడి మా పూజగదిలోని స్వామి వస్త్రం కూడా గులాబి రంగుకి తిరిగింది. స్వామికి నప్పిందిలే అని అలాగే కట్టాను.

ఇదే ఊళ్ళో ఇంకొక ఇంజనీరుగారు ఉన్నారు. ఆయనా ప్లాంటులోనే చేసి రిటైరయ్యారు. మావారూ ఆయనా ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు కనక ఆయన నాకు అన్నయ్యగారయ్యారు, ఆయన భార్య నాకు వదిన అయింది. అన్నయ్యగారు కూడా అమెరికాలో అదే రాష్ట్రంలో చదివారు, కానీ పక్క కాలేజీ. వాళ్ళది పచ్చ చొక్కా. ఎర్రవాళ్ళకీ పచ్చవాళ్ళకీ ఏటా ఒకసారి ఆట ఉంటుంది. ఆ ఒక్క రోజు కోసం ఈ ఇద్దరూ ఏడాది పొడుగునా మాటలు కూడబెట్టుకునేవారు.

"బావా, మీవాళ్ళకి బంతి ఇస్తే ఏం చేస్తారోయ్, పొలంలో నాటుతారా?" అనేవారు అన్నయ్యగారు.

"నాటితే మొలుస్తుంది బావా. మీవాళ్ళకిస్తే అమ్ముకుంటారు."

ఇలా ఉండేది. ఇద్దరూ మా ఇంటి బేస్‌మెంటులో టీవీ ముందు, వదినా నేనూ పైన దేవుడి దగ్గర. ఎందుకంటే మాకూ శనివారమే. స్వామి వెయ్యి నామాలూ పుస్తకం లేకుండా చదవడం మా నాన్నగారు నేర్పారు, వదినకి వాళ్ళ అమ్మమ్మ నేర్పింది. పుస్తకం లేకుండా చదివేవాళ్ళకి ఒక ప్రమాదం ఉంది. ఒకలా వినిపించే పాదాలు చాలా ఉంటాయి. కాస్త ఏమరుపాటుగా ఉంటే ముందుకి పోవాల్సిన నోరు వెనక్కి పోతుంది. చదివిందే చదువుతూ, ఎక్కడ దారి తప్పామో తెలియకుండా తిరుగుతూ ఉంటాం. ఇద్దరు కలిసి చదివితే ఆ భయం లేదు. నేను తప్పినచోట వదిన గట్టిగా ఎత్తుకుంటుంది, ఆవిడ తప్పినచోట నేను. అలా ఏళ్ళ తరబడి ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నట్టుగా స్వామిని చేరుకున్నాం.

మా ఇద్దరికీ కారు నడపడం రాదు. ఈ ఊళ్ళో బస్సు అంటే పుణ్యం చేసుకున్నవాళ్ళకి కనబడేది. అందుకని అన్నయ్యగారు ఆటకి వస్తేనే వదిన పారాయణానికి రాగలదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మా కష్టమంతా ఇందులోంచే వచ్చింది.

ఇక ఆ కాలేజీల కథ. అవన్నీ గుంపులుగా ఉంటాయట, కాన్ఫరెన్సులంటారు. మన చుట్టరికం లాంటిది. ఒక గుంపులోవాళ్ళు ఏటా తమలో తామే ఆడుకుంటారు, ఒకరి ఊరికి ఒకరు వెళతారు. ఎర్రవాళ్ళూ పచ్చవాళ్ళూ మా తాతల కాలం నుంచీ ఒకే గుంపు. ఉన్నట్టుండి పచ్చవాళ్ళు ఈ గుంపు వదిలేసి, దేశానికి అటు చివర తూర్పున ఉన్న పెద్ద గుంపులో చేరుతున్నారని వార్త వచ్చింది. వాళ్ళ వెనకే మిగతావాళ్ళూ తలోదిక్కుకీ వెళ్ళిపోయారు. ఎర్రవాళ్ళని మాత్రం ఎవరూ రమ్మనలేదు.

"ఎందుకు వెళ్ళారు? వీళ్ళకీ వాళ్ళకీ ఏమైనా గొడవా?" అని అడిగాను.

"టీవీ డబ్బు," అన్నారు మావారు. ఆ మాట ఆయన చెప్పిన తీరు చూస్తే ఎవరో దగ్గరివాళ్ళు పోయిన జబ్బు పేరు చెబుతున్నట్టుంది.

నాకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పింది మా బేస్‌మెంటు గదిలో అద్దెకుంటున్న అమ్మాయి. కరీంనగర్ పిల్ల. ఆ ఏళ్ళలో మన పిల్లలు ఇక్కడి కాలేజీకి తండోపతండాలుగా వచ్చారు, ఊళ్ళో ఏ వీధిలో నడిచినా ఎవరో ఒకరు ఫోనులో అమ్మతో మాట్లాడుతూ ఎదురయ్యేవారు. ఈ పిల్ల పగలు క్లాసులకి పోయి, సాయంత్రాలు కాఫీ కొట్టులో పనిచేసేది. స్నేహితురాలితో కలిసి ఒక పాత కారు కొనుక్కుంది. ఆ కారులో హీటరు ఒకవైపే పనిచేస్తుంది. ఎడమకాలు వెచ్చగా, కుడికాలు మంచులో పెట్టినట్టుగా ఉంటుంది.

"చూడుండ్రి ఆంటీ," అంది ఉల్లిపాయలు తరుగుతూ. "మన దగ్గర కేబులాయన ప్యాకేజీ అని ఇస్తడు గదా. అండ్ల క్రికెట్ ఛానల్ కూడా ఉంటది. మీరు చూస్తరా?"

"నేను భక్తి ఛానలే చూస్తాను."

"అయినా గానీ క్రికెట్‌కి కూడా మీరు పైసలు కట్టినట్టే. అట్ల చూసేటోళ్ళు, చూడనోళ్ళు అందరు కడితే ఆ ఛానలుకి మస్తు పైసలొస్తయి. అది పోయి కాలేజీల గుంపుకి ఇస్తది, మీ ఆటలు మా దాంట్లనే రావాలె అని. ఇగ గుంపోళ్ళేం చేస్తరు? ఎక్కువ ఇండ్లల్ల చూసే కాలేజీలని చేర్చుకుంటరు. ఊరు పెద్దదుండాలె, చూసేటోళ్ళుండాలె."

"మరి మావారి కాలేజీ?"

"అంకుల్‌ది చిన్న ఊరు ఆంటీ. అక్కడ మనుషుల కంటే గోధుమలు ఎక్కువ. గోధుమలు టీవీ చూడవు గదా."

పైనుంచి మావారి గొంతు వినిపించింది. "విన్నానమ్మా!"

"సారీ అంకుల్!"

అంతా తెలిసి కూడా ఇద్దరు బావలూ ఏడాదిపాటు ఏమీ జరగనట్టే ఉన్నారు. ఏదో ఒక ఏర్పాటు చేస్తారులే, ఇంత పాత ఆటని ఎవరు ఆపుతారు అనుకున్నారు. తర్వాతి వేసవిలో కొత్త ఆటల జాబితా వచ్చింది. అందులో ఎర్రవాళ్ళకీ పచ్చవాళ్ళకీ ఆట లేదు.

ఆ సాయంత్రం మా పెరట్లో చెక్క డెక్ మీద నలుగురం కూర్చున్నాం. వదినా నేనూ వచ్చే కార్తీకమాసంలో ప్రతి శనివారం తప్పకుండా నామాలు చదవాలని ఆ పూటే దేవుడి ముందు అనుకుని వచ్చాం. నేను మిరపకాయ బజ్జీలు తెచ్చేసరికి మాట పెరిగిపోయి ఉంది.

"అమ్ముడుపోయారు బావా మీవాళ్ళు. అంతే. ఇంకో మాట లేదు," అంటున్నారు మావారు.

"గిరాకీ ఉన్నవాడికి ధర పలుకుతుంది. అదేమన్నా నేరమా?"

"చుట్టరికం తెంపుకుని పోతారా టీవీ కోసం?"

"మీవాళ్ళని అడిగితే వెళ్ళేవాళ్ళు కాదా? అడిగినవాడు లేడు కనక నీతులు చెబుతున్నారు."

నా చేతిలో పళ్ళెం అలాగే ఉండిపోయింది. అడిగినవాడు లేడు అన్న మాట ఆయన కాలేజీ గురించే అన్నారు. కానీ అది వెళ్ళి ఎక్కడ తగిలిందో నాకు కనిపించింది. మావారికి ప్లాంటులో చివరిదాకా రావలసిన ప్రమోషన్ రాలేదు. అది వచ్చింది అన్నయ్యగారికి. దాని గురించి ఇన్నేళ్ళలో ఇద్దరి మధ్యా ఒక్క మాట దొర్లలేదు.

మావారు లేచి లోపలికి వెళ్ళిపోయారు. అన్నయ్యగారు సగం తాగిన కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. కాఫీ వదిలే మనిషి కాదు ఆయన. "పదవే," అన్నారు వదినతో. వదిన నా వైపు చూసి, పళ్ళెంలోంచి రెండు బజ్జీలు తీసి కాగితంలో చుట్టుకుని వెళ్ళింది. ఆ బజ్జీలు తీసుకోవడంలోనే తన మాటంతా చెప్పింది, నాకు అర్థమైంది.

అలా అమెరికాలో ఏదో ఛానలు ఏదో కాలేజీకి డబ్బిస్తే, ఇక్కడ సార్నియాలో నాకు పారాయణం తోడు పోయింది.

మొదటి శనివారం ఒక్కదాన్నే కూర్చున్నాను. బాగానే నడిచింది. సగంలో ఎక్కడో తప్పాను. ఇందాక ఈ పేరు చెప్పానే అనిపించింది. సరే అని ముందుకి వెళ్ళాను. మళ్ళీ అదే పేరు ఎదురైంది. ఊరి చివర రౌండబౌట్‌లో దారి తెలియని కారులాగా అక్కడక్కడే తిరిగాను. ఆ రోజు స్వామిని కొన్ని పేర్లతో నాలుగైదుసార్లు పిలిచి ఉంటాను, కొన్ని పేర్లతో అసలు పిలవలేదు. ఏ పేరుతో పిలిచినా పలికేవాడే కనక ఆయనకి కృతజ్ఞత చెప్పుకుని లేచాను గానీ, మనసు నిండలేదు.

రెండో వారం ఫోనులో కలిసి చదవాలనుకున్నాం. స్పీకరు పెట్టుకున్నాం. నా మాట ఆవిడకి చేరడానికి కాస్త సమయం పడుతుంది, ఆవిడది నాకు చేరడానికీ అంతే. నేను ఆవిడ కోసం ఆగుతాను, ఆవిడ నా కోసం ఆగుతుంది. ఇద్దరం ఆగాక ఇద్దరం ఒకేసారి మొదలుపెడతాం.

"మీరు కానివ్వండి వదినా."

"కాదు వదినా, మీరే."

ఆ మర్యాదలతోనే గంట గడిచింది.

ఆ తర్వాత మా కరీంనగర్ పిల్ల నేను తోడుంటానంది. స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, ఫోనులో తెలుగులో నామాలు తెరిచి నా పక్కన కూర్చుంది. ఎంత సంతోషమైందో చెప్పలేను. నాతోపాటు చక్కగా చదువుతోంది. మధ్యలో హఠాత్తుగా ఒక మగగొంతు, "హైదరాబాదుకి అతి చేరువలో, ఓపెన్ ప్లాట్లు!" అని అరిచింది. ఇద్దరం ఎగిరిపడ్డాం.

"యాడ్ ఆంటీ! ఆగుండ్రి, స్కిప్ వస్తలేదు!"

"దేవుడి పేర్ల మధ్యలో కూడా అమ్ముతారటే?"

"చూసేటోళ్ళున్న కాడల్లా అమ్ముతరు ఆంటీ. నేను చెప్తనే ఉన్న గదా."

అప్పటికి టీవీ డబ్బు అంటే ఏమిటో నాకు పూర్తిగా తెలిసివచ్చింది. కానీ నామాలు ఎక్కడ ఆపామో ఇద్దరికీ గుర్తు రాలేదు.

ఇటు మావారి అవస్థ వేరు. మాది నది ఒడ్డు ఊరు, అవతలి గట్టు అమెరికా. మేడ మీద యాంటెన్నా పెడితే అవతలి ఛానళ్ళు ఉచితంగా వస్తాయి. ఆ ఉచిత ఛానళ్ళలో వచ్చేవి పెద్ద గుంపు ఆటలు, అంటే పచ్చవాళ్ళవి. ఎర్రవాళ్ళ ఆటలు ఏదో మారుమూల ఛానలుకి పోయాయి, అది మాకు రాదు. పాపం ఆయన ఎర్ర చొక్కా తొడుక్కుని, టీవీలో పచ్చవాళ్ళని పెట్టుకుని, చేతిలో ఫోను పట్టుకుని అందులో తన జట్టు అంకెలు మారడం చూస్తూ కూర్చునేవారు. ఫోనులో అంకె మారితే "ఎలా వచ్చిందో ఏమిటో" అని తనలో తాను అనుకునేవారు. టీవీలో పచ్చవాళ్ళు బాగా ఆడితే టీవీని తిట్టేవారు. ఓడితే కూడా ఏమంత సంతోషించినట్టు కనిపించలేదు.

"నన్ను వదిన వాళ్ళింట్లో దింపుతారా?" అని అడిగాను ఒకరోజు.

"దింపుతాను. వీధి మలుపు దగ్గర."

"మంచులో జారిపడతానండీ."

"మెల్లిగా నడువు."

"మీరు రాకుండా నేనొక్కదాన్నే ఎలా వెళ్ళను?"

"అయితే వెళ్ళకు."

కార్తీకం దగ్గరికొచ్చేసింది. దేవుడి ముందు వదినా నేనూ అనుకున్న మాట ఉంది. నాకు నిద్ర పట్టడం మానేసింది. చివరికి నాకు తెలిసిన మార్గమే పట్టాను. మన ఇళ్ళలో ఆడవాళ్ళు గడపలోకొచ్చి బొట్టు పెట్టి పిలిస్తే రానని అనడానికి వీల్లేదు. ఎన్ని పట్టింపులున్నా, మొగుళ్ళు మొగుళ్ళు మాట్లాడుకోకపోయినా బొట్టుకి గౌరవం ఇవ్వాల్సిందే. కుంకుమ భరిణ, తమలపాకులు, రెండు అరటిపళ్ళు సంచిలో పెట్టుకుని మా పిల్లని అడిగాను.

"ఒక పది నిమిషాలు తీసుకెళ్తావా తల్లీ?"

"నాలుగింటికి షిఫ్ట్ ఉంది ఆంటీ. ఎక్కుండ్రి, ఎక్కుండ్రి." కాఫీ కొట్టు టోపీ అప్పటికే పెట్టుకుంది.

శనివారం మధ్యాహ్నం అది. వదిన తలుపు తీసి నన్ను చూసి రెండు చేతులూ పట్టుకుంది. బొట్టు పెట్టాను. "కార్తీకం మొదటి శనివారం పారాయణానికి రండి వదినా," అన్నాను, ఎన్నడూ చూడని మనిషిని పిలిచినట్టు. ఆవిడా అంతే మర్యాదగా, "తప్పకుండా వస్తాను," అంది. తర్వాత ఇద్దరికీ నవ్వొచ్చింది. కళ్ళు కూడా తుడుచుకున్నాం.

"ఇంటాయనకి కూడా చెప్పాలిగా. అన్నయ్యగారేరీ?"

"కింద ఉన్నారు. అరుపులు వినబడటం లేదూ?"

వినబడుతున్నాయి. నేను భరిణ పట్టుకునే బేస్‌మెంటు మెట్లు దిగాను. నా వెనక మా పిల్ల, టోపీతో. అన్నయ్యగారు సోఫా అంచున కూర్చుని, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, టీవీలోకి చూస్తూ, "పట్టుకోండ్రా! పట్టుకోండ్రా వెధవల్లారా!" అని అరుస్తున్నారు. టీవీలో ఎర్ర చొక్కాలు.

ఆ ఎరుపు నాకు తెలియకపోవడమేమిటి? ఇన్నేళ్ళు ఉతికాను.

ఆయన నన్ను చూశారు. కంగారుగా రిమోట్ వెతికి ఏదో నొక్కారు. ఛానల్ మారలేదు, మోత రెట్టింపైంది. ఆ మోతలోనే, "రా చెల్లెమ్మా, ఏదో వాతావరణం చూస్తున్నా!" అని అరిచారు.

"వాతావరణం నిండా మావాళ్ళే ఉన్నారన్నయ్యగారూ!" అని నేనూ అరవాల్సి వచ్చింది.

మా పిల్ల వెళ్ళి రిమోట్ తీసుకుని మోత తగ్గించింది. అన్నయ్యగారు కాసేపు కార్పెట్ వైపు చూశారు.

"మావాళ్ళ ఆట పొద్దున్నే అయిపోయిందమ్మా," అన్నారు. "ఎవరితోనో ఆడారు. ఆ ఊరెక్కడుందో మ్యాపులో చూసుకోవాల్సి వచ్చింది. గెలిచారు. పెద్ద గెలుపే. గెలిచాక ఫోను చేతిలోకి తీసుకున్నాను. ఎవరికి చెయ్యను? వాళ్ళ మీద గెలిచామని నేను ఎవర్ని ఏడిపించను?"

"ఈ ఛానల్ మీకు వస్తుందా?" అన్నాను.

"మా అబ్బాయి ఏదో పెద్ద ప్యాకేజీ పెట్టించాడు. మీకు రాదని తెలుసు నాకు." కాస్త ఆగి, "మా ఆట బావ చూశాడా?" అన్నారు.

"చూశారు. టీవీని తిట్టారు."

ఆ మాటకి ఆయన ముఖంలోకి వెలుగొచ్చింది. "తిట్టాడా? ఏమని?"

"అవన్నీ నేను దేవుడి భరిణ చేతిలో పెట్టుకుని చెప్పలేను."

ఆయన గట్టిగా నవ్వారు. వెంటనే సర్దుకుని, "చెల్లెమ్మా, నేను వాళ్ళ ఆట చూస్తున్నానని బావకి చెప్పకు," అన్నారు.

"నాకై నేను చెప్పను. అడిగితే మాత్రం అబద్ధం చెప్పలేనన్నయ్యగారూ."

"అడగడులే," అన్నారు. ఆ అనడంలో ఏదో దిగులుంది.

ఇంటికొచ్చాను. ఈయన అడగాలి స్వామీ, అడగాలి అనుకుంటూ వంట మొదలుపెట్టాను. మావారు వంటింట్లోకి రెండుసార్లు వచ్చి మంచినీళ్ళు తాగారు. దాహం వేసే రోజు కాదు అది.

"మీ వదినగారు బాగున్నారా?"

"బాగున్నారు."

"మోకాలి నొప్పి?"

"తగ్గిందట."

వెళ్ళిపోయారు. నేను చారు తాలింపు పెట్టాను. మళ్ళీ వచ్చారు.

"వాళ్ళాయన?"

"బాగున్నారు."

"ఏం చేస్తున్నాడు?"

"కూర్చున్నారు."

"ఎక్కడ?"

"కింద."

"కింద కూర్చుని ఏం చేస్తున్నాడే?"

"చూస్తున్నారు."

"ఏం చూస్తున్నాడు? నీతో పెద్ద చిక్కే. ఒక్కో మాటా ఊడబెరకాలి!"

"మీవాళ్ళని," అన్నాను గరిటె కింద పెట్టి. ఆ సమయానికి నా ప్రాణం కుదుటపడింది.

ఆయన గోడకి ఆనుకున్నారు. "మావాళ్ళనా? ఆ ఛానలు వాడికొస్తుందా?"

"వస్తుంది. పెద్ద తెర."

"చూసి నవ్వుకుంటున్నాడన్నమాట. మావాళ్ళు ఇవాళ ఓడారుగా. బాగా నవ్వుకుని ఉంటాడు."

"నవ్వలేదండీ. నెత్తిన చేతులు పెట్టుకుని, పట్టుకోండ్రా అని అరుస్తున్నారు."

"సంతోషంగా అరిచాడా, బాధగా అరిచాడా?"

"బాధగానే. మీరు అరిచినట్టే."

ఆయన చారు మరుగుతున్న గిన్నె వైపు చాలాసేపు చూశారు. "పొంగుతోంది," అన్నారు చివరికి. పొంగడం లేదు. అయినా మంట తగ్గించాను.

కార్తీకం మొదటి శనివారం పొద్దున నేను మా ఇంట్లో పీటలు వేసి, అరటాకులు లేక కాగితం పళ్ళేలు పెట్టి, వదిన ఎలా వస్తుందా అని చూస్తున్నాను. బొట్టు పెట్టి పిలిచానే కానీ, ఆవిణ్ణి తీసుకొచ్చేదెవరో ఆలోచించలేదు. మా పిల్లకి ఆ రోజు పొద్దుటి షిఫ్టు. ఇంతలో మావారు ఎర్ర చొక్కాతో, చేతిలో కారు తాళంతో వచ్చి నిలబడ్డారు.

"నువ్వే అక్కడికి వెళ్ళి చదువుకో," అన్నారు.

"నేను వదినని ఇక్కడికి పిలిచానండీ."

"ఇక్కడ ఆ ఛానలు రాదు."

నేను ఆయన్ని చూశాను. ఆయన తాళం వైపు చూస్తున్నారు. ఒక్క మాట అంటే వెనక్కి తిరుగుతారని తెలుసు. స్వామి పటాన్ని చీరకొంగులో చుట్టుకుని, గారెల డబ్బా సంచిలో పెట్టుకుని గబగబా కారెక్కాను. వీధి మలుపు వచ్చింది. కారు ఆగలేదు. వాళ్ళింటి ముందు, సరిగ్గా గరాజ్ ఎదురుగా ఆపారు.

తలుపు అన్నయ్యగారే తీశారు. పచ్చ చొక్కాలో ఉన్నారు. ఇద్దరూ ఒకరి చొక్కా ఒకరు చూసుకున్నారు.

"ఏదో ఛానలు వస్తుందట," అన్నారు మావారు.

"వస్తుంది."

"ఇంకా మొదలవలేదా?"

"యాడ్లు వేస్తున్నాడు. బూట్లు అక్కడ విప్పు, నేల తడుస్తుంది."

"తెలుసులే. ఇల్లు కొత్తా నాకు?"

"కొత్తవాడిలాగే నిలబడ్డావుగా."

అంతే. క్షమించమని ఎవరూ అనలేదు. అమ్ముడుపోవడం గురించీ, అడగకపోవడం గురించీ ఇప్పటికీ ఎవరూ ఎత్తలేదు. ఇద్దరూ మెట్లు దిగారు. కాసేపటికి కింద నుంచి, "వాణ్ణి ఎందుకు పెట్టారు బావా, వాడికి కాళ్ళున్నాయా?" అన్న అన్నయ్యగారి గొంతు వినిపించింది. దానికి మావారు, "మీవాళ్ళు మంచి ఆటగాళ్ళని ఎత్తుకుపోగా మిగిలినవాడు," అన్నారు. ఇద్దరూ నవ్వారు. నేను కళ్ళు మూసుకుని దండం పెట్టాను.

వదినా నేనూ పైన కూర్చున్నాం. మొదలుపెట్టిన కాసేపటికే మా గొంతులు ఒకదానికొకటి అలవాటు పడ్డాయి. ఆ రోజు అన్ని పేర్లూ ఒక్కొక్కసారి, వాటి వరసలో వాటిని పలికాం. ఆట కంటే ముందే అయిపోయింది. అమెరికా ఆటలో ఆడేది కాస్త, ఆపేది ఎక్కువ. లారీలూ మందులూ ఇన్సూరెన్సులూ అమ్ముకోవడానికి ఆపుతూ ఉంటారు. ఆపినప్పుడల్లా ఇద్దరూ పైకొచ్చి గారె తీసుకుని దిగేవారు. ఆ ప్రకటనలవాళ్ళకి కూడా నేను ఆ రోజు మనసులో కృతజ్ఞత చెప్పుకున్నాను. వాళ్ళ వల్లనే మేం రెండోసారి కూడా నామాలు చదువుకోగలిగాం.

ఇలా మా పారాయణం మా ఇల్లు వదిలి ఆ ఇంటికి వెళ్ళిపోయింది. ఆలోచిస్తే మేం చేసిందీ ఆ కాలేజీలు చేసిందీ ఒకటే, ఛానలు ఎక్కడుంటే అక్కడికి చేరాం. మా కరీంనగర్ పిల్ల ఈ మాట విని, "ఆంటీ, మీరు గూడ పెద్ద గుంపుల చేరిండ్రు," అని ఒకటే నవ్వు. షిఫ్టు లేనప్పుడు తన స్నేహితుల్ని కూడా తీసుకొచ్చేది. వదినింట్లో కుర్చీలు చాలక, నేల మీద దుప్పట్లు పరిచేవాళ్ళం.

ఒక్కటే ఇబ్బంది. ఎర్రవాళ్ళ ఆటకి ఇప్పుడు వేళాపాళా లేదు. పెద్దవాళ్ళ ఆటలన్నీ సర్దాక ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఇరికిస్తారు ఛానలువాళ్ళు. అది కూడా ముందుగా చెప్పరు. అందుకని ప్రతి సోమవారం అన్నయ్యగారు నాకు ఫోను చేస్తారు. పారాయణం వేళ తెలియాలిగా మరి. ఓ సోమవారం ఆయన గొంతు కాస్త బెరుగ్గా ఉంది.

"చెల్లెమ్మా, ఈ వారం శుక్రవారం సాయంత్రానికి వేశారు."

"శుక్రవారమేమిటన్నయ్యగారూ? మన పారాయణం శనివారం కదా."

"నిజమేనమ్మా. కానీ ఆ సంగతి ఛానలువాళ్ళకి తెలీదు."

ఫోనులో వెనకాల గిన్నెల చప్పుడు, ఆ చప్పుడు మీదుగా వదిన గొంతు.

"శుక్రవారం అమ్మవారికి మంచిదే. ఆవిడ పేర్లు చదువుకుందాం, రమ్మనండి. వచ్చేటప్పుడు చింతపండు తెమ్మనండి, ఇంట్లో అయిపోయింది."